వంతు ఎవరిది? కలిసి రాసే ఫాంటసీ మీద మీ ప్రశ్నలు

తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా ఒకే ఫాంటసీ కథను రాసుకుంటూ పోవడం గురించి పోయినసారి ఒక చిన్న జవాబు రాశాను. రోల్‌ప్లే రైటింగ్ అంటున్నారు దీన్ని. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువమందికి పనికొచ్చేవి కొన్ని ఈసారి తీసుకున్నాను.

అక్కా, మేం ముగ్గురం ఇంజనీరింగ్ చదువుతున్నాం. వాట్సాప్ గ్రూపులో ఫాంటసీ కథ రాసుకుంటున్నాం. మొదట్లో భలే ఊపు ఉంటుంది. డ్రాగన్, మాయాకత్తి, శాపం తగిలిన రాజ్యం, అన్నీ పెడతాం. ఐదారు వంతులు తిరిగేసరికి ఏం రాయాలో ఎవరికీ తోచదు, గ్రూపు సైలెంట్ అయిపోతుంది. మళ్ళీ ఇంకో కొత్త కథ. ఐడియాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

తమ్ముడూ, అన్నిసార్లు కొత్త కథ మొదలుపెట్టగలుగుతున్నారంటే మీకు ఐడియాల కరువేమీ లేదు. డ్రాగన్‌ని చంపాలి అనుకున్నారు, సరే, ముగ్గురూ చంపాలనే బయల్దేరతారు, అందరిదీ ఒకటే పని, ఒకరితో ఒకరికి మాత్రం పనేమీ లేదు, ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఒక్కరే కూర్చుని రాసే నవలకు ఆ ఐడియా చాలొచ్చు. కలిసి రాసేటప్పుడు మాత్రం నీ వంతు చదవగానే అవతలివాడికి "ఆగు, దీనికి నేను జవాబు చెప్పాలి" అనిపించాలి. అలా అనిపించే ఐడియా ఎంత చిన్నదైనా నెలల తరబడి నడుస్తుంది.

వరంగల్ అన్నావు కాబట్టి చెరువుతోనే చెప్తాను. పాకాల, రామప్ప, లక్నవరం, కాకతీయుల కాలం నాటి చెరువులన్నీ మీ చుట్టుపక్కలే ఉన్నాయి. కట్ట మీద మైసమ్మ గుడి లేని చెరువు తెలంగాణలో వెతుక్కోవాలి. ఇలాంటి చెరువుల గురించి కొన్నిచోట్ల ఒక కథ చెప్పుకుంటారు. వానాకాలం రాత్రి, చెరువు నిండుకుండలా ఉంది. కట్టకు కాపలా ఉన్న నీరటికి ఒక ఆడమనిషి కనబడి, ఈ రాత్రి కట్ట తెంచుకుని పోతానంటుంది. ఆమె చెరువు దేవత అని వాడికి అర్థమవుతుంది. "పోయి రాజుగారికి చెప్పొస్తా, నేను తిరిగొచ్చేదాకా కట్ట తెంచనని మాటివ్వు తల్లీ" అంటాడు. ఆమె ఇస్తుంది. వాడు పరుగెత్తుకెళ్ళి చెప్తాడు. రాజు అంతా విని, కాసేపు ఆలోచించి, అక్కడే వాడి తల తీయిస్తాడు. నీరటి తిరిగి రాడు, దేవత మాట తప్పదు, కట్ట తెగదు.

వినేవాళ్ళకు అక్కడితో కథ అయిపోయింది. మీకు అక్కడే మొదలవ్వాలి. ఆమె ఇంకా కట్ట మీదే నిలబడి ఎదురుచూస్తోంది కదా! వాడు చచ్చిపోయాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ముగ్గురూ తలా ఒకటి తీసుకోండి. ఒకరు దేవత, ఆమెకు నీరటి ఎప్పుడొస్తాడో కావాలి. ఒకరు నీరటి మునిమనవడు, తాత చెరువు సొమ్ము ఎత్తుకుని పారిపోయాడని ఊరంతా అనుకుంటోంది, ఆ మచ్చ పోవాలి వాడికి. మూడో పాత్ర ఆ రాజవంశంలో మిగిలిన ఆఖరి ఆడపిల్ల, అసలేం జరిగిందో ఆమెకొక్కదానికే తెలుసు, నోరు విప్పితే చెరువు కింద ఊళ్ళన్నీ మునుగుతాయి. ముగ్గురూ మంచివాళ్ళే, ముగ్గురి కోరికా న్యాయమైనదే, ఒకరిది తీరితే ఇంకొకరిది తీరదు. విలన్ అక్కర్లేదు, డ్రాగన్ అసలే అక్కర్లేదు. ఇది ఐదో వంతులో ఆగదు, చూడు.

కాబట్టి కొత్త కథ మొదలెట్టేముందు ప్రతివాళ్ళూ రెండు వాక్యాలు రాసి గ్రూపులో పెట్టండి. నా పాత్రకు ఏం కావాలి? అది దొరక్కుండా మీలో ఎవరి పాత్ర అడ్డు? రెండో వాక్యం రాయలేకపోతే ఆ పాత్ర ఇంకా తయారు కాలేదని లెక్క. పాత్ర కళ్ళ రంగు, కత్తి పేరు, గుర్రం జాతి తర్వాత చూసుకోవచ్చు.

విషయాల కోసం మీ ఊరి పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడుగు: "ఇక్కడ ఏం చెయ్యకూడదంటారు?" ఫలానా చెట్టు కింద పడుకోకూడదు, ఫలానా రోజు పొలిమేర దాటకూడదు, ఇలా ప్రతి ఊరికీ ఒక చిట్టా ఉంటుంది. ఆ నియమం ఎవరో ఒకరు తప్పి ఉంటారు, వాళ్ళు మీ పాత్ర. యాగంటిలో కాకులు వాలవంటారు, అగస్త్యుడి శాపమని చెప్తారు. ఒక పొద్దున్నే అక్కడ కాకి వాలిందనుకో? పూజారి ఒకరు రాయండి, కాకిని తెచ్చినవాడు ఒకరు, ఆ కాకే ఒకరు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కింద ఎవరూ లేనప్పుడు పైన కాపలావాడికి చప్పట్లు వినిపిస్తే వాడు ఏమని కబురు పంపాలి, ఎవరికి పంపాలి?

మధ్యలో ఎండిపోయినప్పుడు అవధానంలోని దత్తపదిని వాడుకోండి. పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తే అవధాని వాటిని పొదిగి పద్యం చెప్తాడు కదా. మీరు ఒక్క మాటతో ఆడండి, వంతు ముగించినవాళ్ళు తర్వాతివాళ్ళకు ఒక మాట ఇవ్వాలి. గొళ్ళెం, ఉప్పు, చెల్లెలు, ఏదైనా సరే. "ఏదైనా ట్విస్ట్ పెట్టరా" అంటే బుర్ర మొద్దుబారిపోతుంది, "గొళ్ళెం" అంటే మాత్రం వెంటనే ఒక తలుపు కనబడుతుంది, తలుపు వెనక ఎవరున్నారో రాయక తప్పదు.

అమ్మా, నేను రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా మనవడు రోజూ రాత్రి రోల్‌ప్లే రాస్తున్నానంటాడు. ఇది ఆటా, నాటకమా, సాహిత్యమా? ప్రోత్సహించాలా వద్దా తెలియడం లేదు.
— ఒక పాఠకులు, రాజమహేంద్రవరం

మాస్టారూ, పుట్టుక ఆటలోనే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడేది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అలాంటి లోకాన్నే కంప్యూటర్‌లోకి తెచ్చారు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. తర్వాత చాలామంది పాచికలు, పాయింట్లు పక్కనపెట్టి రాయడం ఒక్కటే ఉంచుకున్నారు. మీ మనవడు రాసేది ఆ రకం.

ఒక రచనను ఇంకొకరు అందుకోవడం గురించి మీ ఊరివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన చోటును, తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాసేశాక, 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చి పూరించాడు. నన్నయ ధోరణిలోకి వెళ్ళి అందుకున్నాడు, రాజరాజనరేంద్రుడి పేరు మీదే నడిపాడు. పిల్లలు రాసేది ఆ స్థాయిదని నేననను. కానీ పక్కవాడి గొంతు పట్టుకుని, వాడు వదిలిన చోటు నుంచి, వాడి పాత్ర స్వభావం చెడకుండా కొనసాగించాలన్న క్రమశిక్షణ ఇందులో నిజంగా ఉంది, బడిలో వ్యాసాలు రాయించి అది నేర్పలేం. ఒక రాత్రి పక్కన కూర్చుని "నీ వంతు చదివి వినిపించరా" అనండి. తప్పులు దిద్దకండి, తర్వాత ఏమైందని మాత్రం అడగండి. వాడికి మొదటి పాఠకుడు మీరే అవుతారు.

నా పాత్ర ఒక మంత్రగత్తె. మా గ్రూపులో ఒకతను తన వంతులో నా పాత్ర ఏమందో, ఎలా ఓడిపోయిందో కూడా తనే రాసేస్తాడు. అతని యోధుడికి మాత్రం దెబ్బే తగలదు. అడిగితే "కథే కదా, లైట్ తీసుకో" అంటాడు. నాకు రాయబుద్ధి కావడం లేదు.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మీ బాధ చాలా న్యాయమైనది. గాడ్‌మోడింగ్ అంటారు దీన్ని, నా దృష్టిలో రోల్‌ప్లేలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. పూర్తయిన గొడవకు జవాబు రాయడానికి మీకు ఏమీ మిగలదు, అందుకే రాయబుద్ధి కావడం లేదు. అతని వంతు బహుశా ఇలా ఉంటుంది:

"యోధుడు కత్తి దూశాడు. ఆమె మంత్రం పూర్తి చేసేలోపే ఆమె చెయ్యి తెగింది. ఆమె నేలకూలి క్షమించమని వేడుకుంది."

మూడు వాక్యాల్లో మీ చెయ్యి, మీ మంత్రం, మీ ఆత్మాభిమానం మూడూ తీసేసుకున్నాడు. అదే దాడిని ఇలా రాయొచ్చు:

"కత్తి ఆమె మణికట్టు మీదికి విసురుగా వచ్చింది. అంత బలంగా విసిరాడు కాబట్టి అతని ఎడమపక్కకు ఇప్పుడు ఏ అడ్డూ లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ఆగలేదు."

ఇక్కడ కోపం తగ్గలేదు, యోధుడి పరువూ పోలేదు. కత్తి తగిలిందా లేదా అన్నది మీ చేతిలో ఉంది, పైగా ఎడమపక్క మీకు ఒక దారి వదిలాడు. మీరు తప్పుకోవచ్చు, దెబ్బ తిని ఆ పక్క నుంచి కొట్టొచ్చు, అతను ఎందుకు ఆగలేదో గమనించి మాటల్లోకి దింపొచ్చు. చదివేవాళ్ళకు కూడా తెలుస్తుంది ఇద్దరు రాస్తున్నారని.

అతనితో గ్రూపులో కాకుండా విడిగా, కథ బయట, ఒకే ఒక్క నియమం అడగండి: కొట్టడం వరకే నీ వంతు, తగలడం నా వంతు. ఆ పై రెండు ముక్కలూ చూపించినా ఫర్వాలేదు, చాలామంది కావాలని చెయ్యరు, ఇంకోరకంగా ఎలా రాయాలో చూడక చేస్తారు. అతని యోధుడికి ఒక పాత గాయమో, తీర్చని మాటో పెట్టమనండి. అయినా వినకపోతే మీ మంత్రగత్తెను తీసుకుని బయటికి వచ్చేయండి. పాత్ర మీది, ఆమెకు ఇంకో కథ దొరుకుతుంది.

మేడమ్, మేం నలుగురం ఉద్యోగస్తులం, చాన్నాళ్ళుగా తెలుగులో ఒక ఫాంటసీ రాస్తున్నాం. బోలెడంత తయారైంది. ఫ్రెండ్స్‌కు పంపితే చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకుంటారు, ఎవరూ చదవరు. చదివేవాళ్ళు ఎలా దొరుకుతారు? రాసేవాళ్ళు కూడా ఇంకో ఇద్దరు కావాలి.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

ముందు మీ ఫ్రెండ్స్ తరఫున ఒక మాట. మీరు గ్రూపులో రాసుకున్నది రాసుకున్నట్టే పంపి ఉంటారు. రాసేవాళ్ళకు అది ప్రాణం, బయటివాళ్ళకు మాత్రం చదవడం చాలా కష్టం. ఒకే గొడవను మీ పాత్ర వైపు నుంచి ఒకసారి, అవతలి పాత్ర వైపు నుంచి ఇంకోసారి చదవాలి. సంతకెళ్ళిన పాత్ర మూడు వంతులు సంతలోనే నిలబడి ఉంటుంది, ఎందుకంటే ఆ వారం ఒకరికి ఆఫీసులో రిలీజ్ పని. మధ్యలో ఒక పాత్ర పేరు మారిపోతుంది. పాఠకుడికి ఇవన్నీ ఎందుకు?

కాబట్టి ఒక ఘట్టం పూర్తవగానే నలుగురిలో ఒకరు కూర్పు బాధ్యత తీసుకోవాలి, తర్వాతి ఘట్టానికి ఇంకొకరు. రెండుసార్లు చెప్పింది ఒకసారికి తేవాలి, ఎదురుచూపులు కోసేయాలి, ఎవరి వాక్యాల గొంతు వాళ్ళకే ఉంచాలి. మీ వాక్యం కోతకు గురైతే బాధపడకూడదని ముందే ఒప్పుకోండి. ఒక్కో భాగం టీ తాగేలోపు చదివేంత ఉంటే చాలు. పైన "ఇంతవరకు" అని రెండు వాక్యాలు పెట్టండి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని ఆ రోజే పెట్టండి. వారపత్రికలో సీరియల్ కోసం ఎదురుచూసిన జాతి మనది, రోజు తప్పకపోతే ఆ అలవాటు మళ్ళీ వస్తుంది. భాగాన్ని పెద్ద చప్పుడు దగ్గర ఆపడం కంటే, ఒక మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట ఆపడం మంచిది. పైన చెప్పిన చెరువు కథే తీసుకుంటే, ఆ రాజవంశపు అమ్మాయి కట్ట మీదికి వచ్చింది, దేవత "నీరటి ఏడీ?" అని అడిగింది, అక్కడ ఆపండి. కింద పాఠకులను అడగండి, నిజం చెప్పాలా వద్దా అని. అడిగితే మాత్రం వాళ్ళ మాట నిలబెట్టాలి. ముందే రాసిపెట్టుకుని ఊరికే అడిగితే రెండోసారికి పట్టేస్తారు.

ఎక్కడ పెట్టాలంటే, 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి అనే కథల యాప్‌లో తెలుగు ధారావాహికలు చదివేవాళ్ళున్నారు. అలాంటిదే అయిన వాట్‌ప్యాడ్‌లో ఇంగ్లిష్‌దే పైచేయి. పెట్టేసి కూర్చుంటే ఎవరూ రారు. అక్కడ ఫాంటసీ రాస్తున్న వేరేవాళ్ళవి నిజంగా చదివి, "సూపర్" అని వదిలేయకుండా ఫలానా సన్నివేశంలో ఫలానా మాట నచ్చిందని రాయండి. మీ ఫోన్లో ఉన్న అందరికీ లింకు పంపడం మానేసి, కథలు చదివే అలవాటున్న ఐదుగురిని ఎంచుకుని, "ఎక్కడ చదవడం ఆపేశారు?" అని ఒక్కటే అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, ఎక్కడ ఆపారని అడిగితే నిజం చెప్తారు. ఐదుగురిలో ముగ్గురు ఒకే చోట ఆపితే అక్కడ మరమ్మతు కావాలి.

ఇంకో దారి గొంతు. నలుగురున్నారు, నాలుగు పాత్రలున్నాయి, ఎవరి పాత్ర మాటలు వాళ్ళే చదివి రికార్డు చేయండి. తెలుగు బాగా అర్థమై, గబగబా చదవడం రానివాళ్ళు సిటీల్లోనూ బయటి దేశాల్లోనూ బోలెడుమంది. ట్రాఫిక్‌లో వింటారు. ఈ పని ఎక్కువమంది చెయ్యడం లేదనే నా బెంగ.

కొత్త రచయితల కోసం "ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు రండి" అని పెడితే వచ్చి రెండు రోజుల్లో మాయమైపోతారు. ఇలా పెట్టి చూడండి: "చెరువు దేవత కథ. తెలుగు లిపిలో. వారానికి ఒక వంతు, రెండు మూడు పేరాలు. యుద్ధాలు తక్కువ, రహస్యాలు ఎక్కువ. నీరటి మునిమనవడి పాత్ర ఖాళీగా ఉంది, తాత దొంగ కాదని నిరూపించుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే. కుదరకపోతే చెప్పి వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు." దీంతోపాటు మీ వంతు ఒకటి మచ్చుకు పెట్టండి. ఖాళీ పాత్ర ఉంటే మనిషికి ఆ రాత్రే ఊహ మొదలవుతుంది. అన్నట్టు, మీ పాఠకుల్లోనే రాయగలిగినవాళ్ళు ఉంటారు. శ్రద్ధగా కామెంట్ పెట్టేవాళ్ళను పిలిచి, ఒక్క భాగానికి సంతలో ఉప్పు అమ్మే మనిషి పాత్ర ఇవ్వండి. ఒక్కసారి రాసి వెళ్ళిపోయినా వాళ్ళు మీ కథను పదిమందికి చెప్తారు, ఉండిపోతే మీకు ఐదో మనిషి దొరికినట్టే.

మా అమ్మాయికి 15 ఏళ్ళు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఎవరెవరితోనో కలిసి కథ రాస్తోంది. ఇంగ్లిష్ మెరుగైంది, నిజమే, కానీ నాకు టెన్షన్‌గా ఉంది. ఆపించమంటారా?
— ఒక తల్లి, గుంటూరు

ఆపించకండమ్మా, ఆపిస్తే మీకు తెలియకుండా రాస్తుంది, అది ఇంకా ప్రమాదం. డిస్కార్డ్ నియమాల ప్రకారం 13 ఏళ్ళు దాటినవాళ్ళు వాడొచ్చు, కాబట్టి అందులో ఉండటం తప్పు కాదు. ఎవరితో, ఏ చాట్ గదిలో రాస్తోందన్నదే అసలు విషయం. రాసేది అందరికీ కనబడే చోట ఉండాలి, విడిగా పర్సనల్ మెసేజ్‌లలో కథ నడపకూడదు. అసలు పేరు, బడి, ఊరు, ఫొటో, ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకూడదు, ఎంత మంచి స్నేహితులైనా సరే. కథను ప్రేమ, శారీరక సన్నివేశాల వైపు లాగేవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే బయటికి వచ్చి, బ్లాక్ చేసి, రిపోర్ట్ చెయ్యాలి. "అది నా పాత్ర అంటోంది, నేను కాదు" అనే మాట ఇలాంటివాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటుంది, ఆ మాటను నమ్మకూడదని పాపకు ముందే చెప్పండి. ఎవరైనా బెదిరిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

వీటన్నిటికంటే ముఖ్యం, ఏదైనా జరిగి మీ దగ్గరికొచ్చి చెబితే ఫోన్ లాక్కోనని మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. పిల్లలు చెప్పకపోవడానికి సగం కారణం ఆ భయమే. వీలైతే బడి స్నేహితులతోనే ఒక గ్రూపు పెట్టుకోమనండి, తెలుగులో కూడా ఒకటి రాయమనండి.

మేం ఇద్దరం డల్లాస్‌లో, ఇద్దరు విజయవాడలో ఉంటాం. టైమ్ కుదరదు, పైగా మాకు తెలుగు టైపింగ్ నెమ్మది. ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాస్తే తప్పా?
— ఒక పాఠకురాలు, డల్లాస్

గ్రూపులో మీలో మీరు ఎలా రాసుకున్నా తప్పు లేదు. పాఠకుల ముందుకు తెచ్చేటప్పుడు మాత్రం తెలుగు లిపిలోకి మార్చండి, ఇంగ్లిష్ అక్షరాల్లో పేజీల తరబడి తెలుగు చదవడం ఎవరికైనా అలసటే. ఫోన్లో మాట్లాడితే తెలుగులో టైపయ్యే సదుపాయం ఉంది, సంభాషణలకు అది చాలా బాగుంటుంది, నోటితో చెప్పిన మాట నోటిమాటలాగే పడుతుంది. టైమ్ అంటారా, ఎండాకాలంలో మీకు రాత్రి తొమ్మిదిన్నర అయితే విజయవాడలో మర్నాడు పొద్దున ఎనిమిది. మీరు పడుకునేముందు వంతు పెడితే వాళ్ళు కాఫీతో చదువుతారు. అందరూ ఒకేసారి కూర్చోవాలన్న పట్టు వదిలేస్తే ఈ తేడా మీకు లాభమే.

ముగ్గురం కలిసి రాసిన దాన్ని పుస్తకంగా వేద్దామనుకుంటున్నాం. ఒకామె మధ్యలో మానేసింది. ఆమె పేరు వెయ్యాలా? హక్కులు ఎవరివి?
— ఒక పాఠకుడు, తిరుపతి

వెయ్యాలి. ఆమె వాక్యాలు పుస్తకంలో ఉన్నంతవరకు ఆమె కూడా రచయిత్రే. ఎవరి భాగం ఏదో విడదీయలేనంతగా కలిసిపోయిన రచనను మన 1957 కాపీరైట్ చట్టం ఉమ్మడి రచనగా చూస్తుంది. ఉమ్మడి రచనను అచ్చు వెయ్యడానికి అందరి అనుమతీ కావాలి. అలాంటి రచనకు హక్కు రచయితల్లో ఆఖరివారు చనిపోయాక 60 ఏళ్ళదాకా ఉంటుంది, అంటే మీ పిల్లలదాకా వెళ్ళే వ్యవహారం. ఆమెకు ఫోన్ చేసి మాట్లాడండి, మానేసినవాళ్ళకు కూడా తమ పాత్ర మీద మమకారం ఉంటుంది, అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆమె రాసిన భాగాలు తీసేసి, ఆ పాత్ర లేకుండా తిరగరాయాలి, దగ్గరి దారి లేదు. ఇక ముందు ఏ కథ మొదలుపెట్టినా, మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ పాత్రను మిగతావాళ్ళు వాడుకోవచ్చా, పుస్తకం వేస్తే ఎవరి పేర్లు, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి, ఇవి ఒక మెసేజ్‌గా రాసి అందరూ ఒప్పుకున్నట్టు కింద రాయండి. సంతకాలు చేసిన కాగితమైతే ఇంకా మంచిది.